రంగం ఓడ ఎక్కిన శరత్ బాబు

కళింగపట్నం: శరత్ బాబు బెంగాలీ రచయిత అని చెబితే నమ్మని పాఠకులు మన వైపు ఒకప్పుడు వుండేవారు. దేవదాసు, పార్వతి, శ్రీకాంత్, రాజలక్ష్మి మన పక్క వీధిలో పుట్టి పెరిగినవాళ్లే అన్నట్టు గ్రంథాలయాల్లో ఆ పుస్తకాలను అట్టలు వూడిపోయేదాకా చదివారు. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటివారి అనువాదాలు ఒక పక్క, 1953లో వచ్చిన దేవదాసు చిత్రం ఇంకో పక్క ఆయన్ని తెలుగువాణ్ణి చేసేశాయి. అయితే ఆయనకూ మన సముద్ర తీరానికీ ఇంకో చుట్టరికం కూడా వుంది. అది రంగం చుట్టరికం.

రంగం అంటే రంగూన్. ఈ తీరం వెంబడి ఏ వూరికి వెళ్లినా తాతలు, ముత్తాతల కాలంలో రంగం వెళ్లి వచ్చినవాళ్లున్న ఇళ్లు నాలుగైనా కనబడతాయి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు జనాన్ని అక్కడికి చేరవేసేవి. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడానికి, ఓడరేవులో సరుకు దించడానికి, రిక్షాలు లాగడానికి మన వాళ్లు వెళ్లేవారు. గోదావరి ముఖాన వున్న కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు వీరిని కోరంగీలని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులుంటే అందులో లక్షన్నర పైచిలుకు తెలుగువాళ్లే. అంతమంది వెళ్లారు గాని ఆ ప్రయాణం ఎలా సాగిందో, ఓడ డెక్కు మీద ఎలా పడుకున్నారో, దిగాక ఏమైందో రాసిపెట్టినవారు బహు తక్కువ. రాయగలిగినవారు వెళ్లలేదు, వెళ్లినవారికి రాయడం రాదు.

వెళ్లినవాడు, రాయగలిగినవాడు ఒకాయన వున్నాడు. ఆయనది మన రేవు కాదు, కలకత్తా రేవు. 1903 జనవరిలో ఓడ ఎక్కి రంగూన్ చేరిన శరత్ చంద్ర చట్టోపాధ్యాయ ఆ తర్వాత పదమూడేళ్లు అక్కడే గడిపారు. ఏటా జనవరి 16న ఆయన వర్ధంతి సభల్లో దేవదాసు గురించి ఎంతో మాట్లాడతారు. ఆయన తిరిగిన దారుల గురించి, ఆ దారులు నవలల్లోకి ఎలా వచ్చి చేరాయన్న దాని గురించి మాట్లాడేవారు తక్కువ.

తండ్రి ఇచ్చిన ఆస్తి

శరత్ బాబు 1876 సెప్టెంబరు 15న బెంగాలులోని హుగ్లీ జిల్లా దేవానందపూర్‌లో పుట్టారు. తండ్రి మోతీలాల్, తల్లి భువనమోహిని. మోతీలాల్ గారు ఏ వుద్యోగంలోనూ కుదురుగా నిలబడే మనిషి కాదు. కథలు, నవలలు మొదలుపెట్టేవారు, సగంలో వదిలేసేవారు. ఆ సగం కథలు చదివి, మిగతాది ఏమయ్యుంటుందా అని పిల్లవాడు రాత్రిళ్లు ఆలోచించేవాడట. తండ్రి నుంచి తనకు దక్కిన ఆస్తి తిరుగుబోతు స్వభావమూ, సాహిత్యం మీద ప్రేమా మాత్రమేనని పెద్దయ్యాక శరత్ బాబు చెప్పుకున్నారు. ఇంట్లో పొయ్యి వెలగని రోజులుండేవి కనుక తల్లి పిల్లల్ని తీసుకుని బీహారులోని భాగల్పూర్‌లో పుట్టింటికి చేరేది. అందుచేత శరత్ బాబు బాల్యం రెండు వూళ్ల మధ్య, రెండు భాషల మధ్య గడిచింది.

భాగల్పూర్‌లో గంగ వూరి పక్కనే పారుతుంది. అక్కడ రాజేంద్రనాథ్ అనే కుర్రవాడు పరిచయమయ్యాడు. అందరూ రాజు అనేవారు. భయమన్నది ఎరగని మనిషి. అర్ధరాత్రి చిన్న పడవ వేసుకుని గంగలోకి పోవడం, వేణువు వూదడం, ఎవరూ ముట్టని శవాన్ని మోయడం అతనికి మామూలు. శ్రీకాంత్ నవల చదివినవారికి ఈ పాటికి ఇంద్రనాథ్ గుర్తుకు వచ్చే వుంటాడు. ఆ చీకటి రాత్రి, ఏటి వడి, జాలర్ల కన్నుగప్పి చేపలు ఎత్తుకురావడం, ఒడ్డున శ్మశానం, నీళ్లలో కొట్టుకు వచ్చిన పసిపిల్లవాడి శవాన్ని కులం గోత్రం చూడకుండా ఎత్తుకుని ఇసుకలో పడుకోబెట్టడం నవలలో వున్నాయి. ఏరు ఎక్కడ లోతు, ఒడ్డు ఎక్కడ విరిగి పడుతుంది, మొక్కజొన్న చేలోంచి పడవ ఎలా దూర్చాలి అన్న సంగతులు ఆ గంగలో తిరిగినవాడికి తప్ప తెలియవు. రాజు ఒకనాడు ఇల్లు విడిచి వెళ్లిపోయి మళ్లీ కనబడలేదని శరత్ జీవిత చరిత్ర రాసినవారు చెబుతారు. నవలలో ఇంద్రనాథ్ కూడా అలాగే మాయమవుతాడు. శరత్ బాబు అక్కడ కథ కల్పించలేదు. కల్పించి వుంటే అతణ్ణి ఎక్కడో ఒక చోట మళ్లీ తెచ్చి కలిపేవారు.

1894లో ఎంట్రన్సు పరీక్ష ప్యాసయ్యారు. కాలేజీలో చేరారు గాని పరీక్ష ఫీజు కట్టడానికి డబ్బు లేక ఎఫ్.ఏ. పరీక్షకు కూర్చోలేకపోయారు. 1895లో తల్లి పోయింది. బనేలీ ఎస్టేటులో కొన్నాళ్లు పని చేశారు. స్నేహితులతో కలిసి చేతిరాత పత్రిక నడిపారు. దేవదాసు, బడదీది వంటివి ఆ రోజుల్లో నోటు పుస్తకాల్లో రాసి పెట్టుకున్నవే. దేవదాసు చివర్లో పార్వతి వూరు చేరడానికి రైలు దిగిన పాండువా స్టేషను కల్పితం కాదు, ఆయన పుట్టిన హుగ్లీ జిల్లాలోనే వుంది. అక్కడి నుంచి ఎడ్లబండిలో సాగే ఆ ప్రయాణం, బురదలో దిగబడే చక్రాలు, ఎప్పటికీ రాని వూరు, ఇవి తెలుగు సినిమాలో దుర్గాపురం దారి అయ్యాయి. మన వాళ్లు కూడా ఎడ్లబండి మీద రోగుల్ని తీసుకెళ్లినవాళ్లే కాబట్టి ఆ ఘట్టం అంతగా గుండెకు పట్టింది.

తండ్రితో మాట పట్టింపు వచ్చి శరత్ బాబు ఒకరోజు ఇల్లు వదిలి కాషాయం కట్టుకుని సన్యాసులతో కలిసి తిరిగారు. ఎన్నాళ్లు, ఎక్కడెక్కడ అన్నది ఆయన ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ముజఫర్‌పూర్‌లో తేలారని, అక్కడ మహాదేవ్ సాహు అనే జమీందారు ఇంట ఆశ్రయం దొరికిందని తెలుస్తోంది. శ్రీకాంత్ మొదటి భాగంలో రాజకుమారుడి వేట విడిది, అందులో పాట పాడే ప్యారీ బాయి, తర్వాత సన్యాసుల గుంపు, బీహారు పల్లెలో మశూచి సోకడం, పరాయి దేశంలో అత్తవారింట ఏడుస్తున్న బెంగాలీ పిల్ల, ఇవన్నీ ఆ తిరుగుళ్ల లోంచే వచ్చాయి. కాషాయం కట్టినవాడికి పల్లెటూళ్లలో అన్ని వాకిళ్లూ తెరుచుకుంటాయి. గుమాస్తా కోటుతో వెళ్లినవాడికి ఆ పిల్ల కన్నీళ్లు కనిపించేవి కావు.

ముప్పయి రూపాయల వుద్యోగం నుంచి

తండ్రి మరణవార్త విని తిరిగి వచ్చి, తమ్ముళ్లనూ చెల్లెలినీ బంధువుల దగ్గర సర్ది, కలకత్తాలో మేనమామ వరస ఆయన దగ్గర చేరారు. కోర్టు కాగితాలు తర్జుమా చేసే పని. నెలకు ముప్పయి రూపాయలు. దానితో బతుకు సాగదని తోచి రంగూన్‌లో వున్న పినతండ్రి వరస అఘోరనాథ్ అనే వకీలు దగ్గరికి బయలుదేరారు. బయలుదేరే ముందు ఒక చిత్రం జరిగింది. కుంతలీన్ అనే తల నూనె కంపెనీవారు కథల పోటీ పెడితే మందిర్ అనే కథ రాసి, తన పేరు పెట్టుకోవడానికి మొహమాటపడి మేనమామ పేరుతో పంపారు. దానికి మొదటి బహుమతి వచ్చింది. వచ్చేసరికి రాసినవాడు సముద్రం మీదో, అవతలి ఒడ్డునో వున్నాడు.

ఆ సముద్ర ప్రయాణమే శ్రీకాంత్ రెండో భాగంలో మనకు కనిపిస్తుంది. ఆ రోజుల్లో కలకత్తాలో ప్లేగు వుంది, బర్మా ఇంకా దాని వాత పడలేదు. అందుకని రేవులోనే డాక్టరు డెక్కు ప్రయాణికుల్ని వరసగా నిలబెట్టి చంకలూ గజ్జలూ తడిమి బిళ్లలు కట్టాయేమో చూసేవాడు. పై తరగతివారికి ఆ అవమానం లేదు. పశువుల్ని సంతలో చూసినట్టు మనుషుల్ని చూడడాన్ని శరత్ బాబు నవ్వుతూ రాసినట్టే రాస్తారు, చదివేవాడికి మాత్రం ఒళ్లు ముడుచుకుపోతుంది. తర్వాత మెట్ల మీద తోపులాట, పెట్టెలూ బేడలూ పరుచుకుని అంగుళం జాగా కోసం తగాదాలు, అన్ని భాషలవాళ్ల పాటలూ ఒకేసారి మోగడం, ఆలుమగల్లా ఇరవై ఏళ్లు కాపురం చేస్తూ ఇతణ్ణి మాత్రం వంటింట్లోకి అడుగు పెట్టనివ్వని టగర్, ఆమె నందమిస్త్రీ, ఇలా ఓడ అంతా కళ్లకు కట్టిస్తారు. మన రేవుల నుంచి వెళ్లిన స్టీమర్ల డెక్కుల మీదా ఇంతే. తట్టా బుట్టా, చాపా చెంబూ పట్టుకుని, అలల మీద నాటుపడవలో ఓడ దాకా వెళ్లి, పైకి ఎక్కి, చోటు పట్టుకోవడం. భాష మారుతుంది గాని చాప కింద ఇనుము ఒకటే.

నడి సముద్రంలో తుఫాను వస్తుంది. డెక్కు జనాన్ని కిందికి, సరుకు వేసే గదుల్లోకి తోలి మూసేస్తారు. శ్రీకాంత్ పైనే వుండిపోయి చూస్తాడు. తెలుగులో అనువాదం చదివినా ఆ నాలుగైదు పేజీలు చదివేటప్పుడు కుర్చీ పట్టుకోవలసిందే. చిత్రమేమిటంటే అంత పెద్ద అలను అంత అందంగా రాసిన మనిషి, తుఫాను వెలిశాక కిందికి దిగి ఆ గదుల్లో జనం పెట్టెలతో సహా ఒకరి మీద ఒకరు దొర్లి ఎలా పడివున్నారో కూడా అంతే ఓపికగా రాశారు. ఓడ ప్రయాణం గురించి రాసినవాళ్లు సాధారణంగా మొదటిది రాసి వూరుకుంటారు. 1917లో శ్రీకాంత్ మొదటి భాగం పుస్తకంగా అచ్చయింది. అదే యేడు రంగం వెళ్లే కూలీలతో సాగుతున్న చిల్కా అనే స్టీమరు మన బారువ తీరానికి దగ్గరలో నిప్పంటుకుని నాశనమైంది. దాన్ని రాయడానికి అందులో శరత్ బాబు లేడు.

రంగూన్ చేరాక మళ్లీ క్వారంటైన్. డెక్కు ప్రయాణికుల్ని వూరికి దూరంగా దించి గుడిసెల్లో రోజుల తరబడి నిలిపేవారు. మూటలు ఎవరివి వారే మోసుకోవాలి. నవలలో జబ్బుతో వున్న రోహిణి, అతనితో వచ్చిన అభయ అక్కడికి నడవలేక నడుస్తారు, శ్రీకాంత్ వారికి తోడు వెళతాడు. ఈ అభయ కథే నవలకు ఆయువుపట్టు. బర్మా వెళ్లి వుత్తరం ముక్క రాయని మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఆమె. తీరా దొరికిన మొగుడు బర్మా స్త్రీతో, పిల్లలతో కాపురం చేస్తుంటాడు. అయినా వెళుతుంది, దెబ్బలు తింటుంది, తిరిగి వచ్చి రోహిణితో భార్యగా బతకడానికి నిశ్చయించుకుంటుంది. సిగ్గుపడదు, క్షమించమనీ అడగదు. అప్పట్లో దీని మీద లేచిన గగ్గోలు అంతా ఇంతా కాదు. ఈ కథ కలకత్తాలో పెడితే నడవదు. పక్కింటివాళ్లు, బంధువులు, కులపెద్దలు ఆమెను ఒక్క రోజు బతకనివ్వరు. సముద్రం దాటిన చోట, ఎవరు ఎవరో ఎవరికీ తెలియని వాడలో మాత్రమే ఆమె అలా నిలబడగలదు. ఆ సంగతి శరత్ బాబు అక్కడ కాపురం వుండి తెలుసుకున్నారు. అందుచేత ఆయన నవలల్లో రంగూన్ రంగు కోసం తగిలించిన తెర కాదు.

అదే భాగంలో ఇంకో చిన్న ఘట్టం వుంది. ఒక బెంగాలీ యువకుడు తనను నమ్మిన బర్మా భార్యను వదిలించుకుని స్వదేశానికి ఓడ ఎక్కుతాడు. మళ్లీ వస్తానని దొంగ ఏడుపు ఏడుస్తాడు, చివరికి ఆమె వేలి వుంగరం కూడా తీసుకుంటాడు. ఆమె జెట్టీ మీద కూలబడి ఏడుస్తుంటే అతని భాష తెలిసినవాళ్లు పక్కకు తిరిగి నవ్వుకుంటారు. చదివితే మన ముఖాలూ కిందికి దిగుతాయి. రంగంలో ఇంకో ఇల్లు వుండేదట అని మన వూళ్ల పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకున్న కథల్లో ఆ ఇల్లు ఏమైందో ఎవరూ చెప్పలేదు.

మేస్త్రీల వాడలో

ఇక ఆయన బతుకు సంగతి. అఘోరనాథ్ గారు రైల్వే ఆడిట్ ఆఫీసులో తాత్కాలికపు వుద్యోగం వేయించారు. 1905లో ఆయన పోవడంతో ఆ ఆసరా పోయింది. శరత్ బాబు పెగూలోనూ అక్కడా ఇక్కడా కొన్నాళ్లు గడిపి 1906లో రంగూన్ పబ్లిక్ వర్క్స్ అకౌంట్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. 1916 దాకా అదే వుద్యోగం. కాస్త జీతం వచ్చే బెంగాలీ గుమాస్తాలు వుండే పేటలు వదిలి, బొటాటంగ్, పజండాంగ్ వైపు మిల్లు పనివాళ్లు, మేస్త్రీలు వుండే వాడలో చెక్క ఇంట్లో కాపురం పెట్టారు. వాళ్లకు అర్జీలు రాసిపెట్టేవారు, హోమియోపతి మందులిచ్చేవారు, తగాదాలు తీర్చేవారు. సాయంత్రాలు బెర్నార్డ్ ఫ్రీ లైబ్రరీలో కూర్చుని శాస్త్ర గ్రంథాలు చదివేవారు. బాగా పాడేవారు. తైలవర్ణ చిత్రాలు వేసేవారు. పెద్దమనుషులు మాత్రం ఈయన్ని చెడిపోయినవాళ్లలో జమకట్టి దూరంగా వుంచారు.

ఆ వాడలోనే ఒక మేస్త్రీ తన కూతురు శాంతిని ముసలి తాగుబోతుకు కట్టబెట్టబోతే ఆమె శరత్ బాబు కాళ్ల మీద పడింది. ఆయన ఆమెను పెళ్లి చేసుకున్నారు. ఒక కొడుకు పుట్టాడు. 1905 నుంచి ప్లేగు రంగూన్‌లోకీ దిగింది. 1908 ప్రాంతంలో భార్యనూ పసివాణ్ణీ రెండింటినీ అది మింగేసింది. శ్రీకాంత్ రెండో భాగంలో ప్లేగు వూరి వర్ణన చదివేటప్పుడు ఈ సంగతి తెలిసి చదవాలి. పక్క గదిలో మనిషి పోతుంటే జనం తలుపులు వేసుకోవడం, జ్వరం తగిలిన శ్రీకాంత్ అభయ వాకిట్లో నిలబడితే ఆమె లోపలికి రమ్మని పక్క వేయడం వున్నాయి. వోడ దిగడానికీ ప్లేగుకీ మధ్య శరత్ బాబు బతుకులో ఏళ్లు గడిచాయి. నవలలో ఆ ఏళ్లు కనిపించవు. తనకు జరిగిన దాన్ని జరిగిన వరసలో పెట్టడం ఆయన పద్ధతి కాదు. తన భార్యాబిడ్డల మాట ఎక్కడా ఎత్తలేదు గాని ఆ జ్వరం, ఆ మూసిన తలుపులు మాత్రం ఇచ్చేశారు. తర్వాత కొన్నాళ్లకు హిరణ్మయీ దేవి ఆయన జీవితంలోకి వచ్చారు. చివరి దాకా ఆమే తోడు.

1907లో కలకత్తాలోని భారతి పత్రికలో బడదీది వెలువడింది. మిత్రులు ఆయనకు చెప్పకుండానే ఇచ్చేశారు. మొదట రచయిత పేరు లేకపోయేసరికి చాలామంది రవీంద్రనాథ్ ఠాగూర్ రాశారనుకున్నారట. రంగూన్‌లో లెక్కలు రాసుకుంటున్న గుమాస్తాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది.

1912 ఫిబ్రవరిలో చెక్క ఇల్లు కాలిపోయింది. పుస్తకాలు, వేసిన బొమ్మలు, స్త్రీల చరిత్ర మీద సేకరించిన రాతలు, చరిత్రహీనులు నవల వ్రాతప్రతి ఐదు వందల పేజీల దాకా బూడిదయ్యాయి. ఆ నవలను ఆయన మళ్లీ మొదటి నుంచి రాశారు. తిరిగి రాసిన దానిలో కిరణ్మయి దివాకర్‌ను వెంటబెట్టుకుని ఓడ ఎక్కి అరకాన్ వెళ్లిపోవడం, అక్కడ చవకబారు వాడలో చేతిలో డబ్బు లేక వారిద్దరి మధ్య ఇరుకు పెరగడం వున్నాయి. దేశం దాటితే స్వేచ్ఛ వస్తుందని శ్రీకాంత్‌లో చూపించిన మనిషే, చరిత్రహీనులులో అదే సముద్రం దాటినవాళ్లు ఎలా చితికిపోతారో చూపించారు. రెండూ ఆయన చూసినవే కాబట్టి ఏదో ఒక దానికి కట్టుబడి వుండలేదు.

శ్రీకాంత్ యాత్రా కథ

1912లో సెలవు మీద కలకత్తా వచ్చినప్పుడు యమున పత్రికవారు పట్టుకున్నారు. అక్కడి నుంచి కథలు వరసగా అచ్చయ్యాయి. ఆరోగ్యం పాడైంది. భారతవర్ష పత్రికను నడిపే ప్రచురణకర్త నెలకు వంద రూపాయలు ఇస్తానని హామీ ఇచ్చాక 1916లో వుద్యోగం వదిలి బర్మాకు నమస్కారం పెట్టి వచ్చేశారు. హౌరా దగ్గర కాపురం పెట్టారు.

అదే యేడు భారతవర్షలో ధారావాహికంగా మొదలైన రచన పేరు శ్రీకాంత్ భ్రమణ కాహిని. అంటే శ్రీకాంత్ యాత్రా కథ. రచయిత పేరు శరత్ చంద్ర అని వేసుకోలేదు, శ్రీకాంత శర్మ అని వేసుకున్నారు. చదివేవాళ్లు నిజంగా ఎవరో తిరిగినవాడు రాసుకున్న యాత్ర అనుకోవాలని కాబోలు. పుస్తకమయ్యేసరికి భ్రమణ కాహిని తీసేసి శ్రీకాంత్ అని మాత్రం వుంచారు. 1917, 1918, 1927, 1933లలో నాలుగు భాగాలు వచ్చాయి. మూడు, నాలుగు భాగాల్లో బెంగాలు పల్లెలు, వైష్ణవ ఆశ్రమం, కమలలత వస్తాయి. అవి ఇష్టపడేవారు చాలామంది వున్నారు గాని ఓడ దిగాక కథలో ఆ వుప్పు గాలి తగ్గిందని ఈ విలేకరి అభిప్రాయం.

శ్రీకాంత్ అంతా శరత్ బాబేనా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. రాజలక్ష్మి ఎవరు, ఎక్కడ వుంది అని ఇంటికి వచ్చి అడిగినవాళ్లున్నారట. ఆయన తేల్చి చెప్పేవారు కాదు. చూసిన చోటును వున్నది వున్నట్టు పెట్టడం, అందులో తిరిగే మనుషుల్ని మాత్రం నలుగురిని కలిపి ఒకరిగా చేయడం ఆయన పనితనం అని తోస్తుంది. ఎవరి ఇంటి పరువూ బజారున పడలేదు, ఏ వీధీ అబద్ధం కాలేదు.

ఒక లోటు చెప్పుకోవాలి. పదమూడేళ్లు బర్మాలో వుండి ఆయన బర్మా మనుషుల్ని ప్రధాన పాత్రలుగా పెట్టి రాసింది చాలా తక్కువ. ఛబి అనే కథ వుంది, బాథిన్ అనే చిత్రకారుడిది. దాన్ని మినహాయిస్తే ఆయన బర్మా ఎక్కువగా బర్మాలో వున్న బెంగాలీల బర్మా. రంగూన్ వూరి జనాభాలో సగానికి పైగా భారతీయులే వున్న కాలం అది. పరాయి వూళ్లో మనవాళ్ల మధ్యే బతికేసే అలవాటు మన తెలుగువాళ్లకూ వుంది కనుక గట్టిగా తప్పు పట్టలేం.

నిషేధం పాలైన నవల

వచ్చేసిన పదేళ్లకు రంగూన్ మళ్లీ ఆయన కలంలోకి వచ్చింది. ఈసారి ప్రభుత్వం వులిక్కిపడింది. పథేర్ దాబీ నవల 1926 ఆగస్టులో పుస్తకంగా వచ్చింది. రంగూన్ కేంద్రంగా రహస్య విప్లవ సంఘం, దాని నాయకుడు సవ్యసాచి, భారతి, సుమిత్ర, పిరికి అపూర్వ. సవ్యసాచి సాహసాలు కొంత సినిమాలా వుంటాయని అనేవారున్నారు. అయితే ఫ్యాక్టరీ పనివాళ్ల బారకాసుల్లోకి భారతి అపూర్వను తీసుకెళ్లి చూపించే ఘట్టంలో ఆ కంపు, తాగుడు, జబ్బు, ఒకే గదిలో కిక్కిరిసిన బతుకులు మేస్త్రీల వాడలో ఏళ్ల తరబడి మందులిచ్చి తిరిగినవాడే రాయగలడు. ప్రభుత్వం 1927 జనవరిలో పుస్తకాన్ని నిషేధించింది. నిషేధాన్ని ఖండించమని శరత్ బాబు ఠాగూర్‌ను కోరారు. పుస్తకం ఆంగ్ల ప్రభుత్వం మీద ద్వేషం రేపేదిగా వుందని, అలా రాసినప్పుడు దాని ఫలితం భరించాలని ఠాగూర్ జవాబు రాశారు. శరత్ బాబు చాలా నొచ్చుకున్నారు. నిషేధం తొలగింది ఆయన పోయిన తర్వాతే.

ఆ నవల వచ్చిన నాలుగేళ్లకు, 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె దరిమిలా బర్మావాళ్లకూ మనవాళ్లకూ పెద్ద కొట్లాటలు జరిగి ఎందరో తెలుగువాళ్లు చనిపోయారు. కంపెనీలు ఒక జాతి పనివాళ్ల మీదికి ఇంకో జాతి పనివాళ్లను తెచ్చి నిలబెట్టడం వల్ల వచ్చిన తగాదా అది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక రంగం ప్రయాణాల కథ ముగిసింది. వేల మంది అడవుల వెంట నడిచి వచ్చారు, దారిలో పోయినవారికి లెక్క లేదు. శరత్ బాబు అవేవీ చూడలేదు.

1926 నుంచి ఆయన హౌరా జిల్లాలో రూపనారాయణ్ నది ఒడ్డున సామ్తాబేడ్ అనే పల్లెలో ఇల్లు కట్టుకుని వున్నారు. అంత తిరిగిన మనిషి చివరికి ఏటి ఒడ్డునే కుదురుకున్నారు. 1936లో ఢాకా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. కాలేయంలో కేన్సరు సోకి 1938 జనవరి 16న కలకత్తాలోని ఒక నర్సింగ్ హోములో కన్ను మూశారు. అప్పటికి అరవై ఒక్క యేళ్లు.

మన జిల్లా నుంచి హౌరా వెళ్లే రైళ్లు ఖరగ్‌పూర్ దాటాక కోలాఘాట్ వంతెన మీద రూపనారాయణ్ నదిని దాటుతాయి. వంతెన దాటిన కాసేపటికి దేవుల్టీ అనే చిన్న స్టేషను వస్తుంది. ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. హౌరా చేరాక లోకల్ రైలు ఎక్కి వెనక్కి యాభై కిలోమీటర్ల దాకా రావాలి. స్టేషను నుంచి శరత్ బాబు ఇంటికి రిక్షాలు, ఆటోలు వుంటాయి. పెంకుల కప్పుతో, చుట్టూ వరండాతో రెండంతస్తుల ఇల్లు. ఆయన రాసుకున్న గది, బల్ల, కుర్చీ జాగ్రత్త చేసి చూపిస్తున్నారు.